గాజు పెట్టెలో ఆవుదూడ

2008వ సంవత్సరం సెప్టెంబరు 15వ తేదీన అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే మహా ఆర్థిక సంస్థ దివాలా తీసినట్లు ప్రకటించుకుంది. లక్షలాది కుటుంబాల పొదుపునూ ఉద్యోగాలనూ కబళించిన ఆర్థిక మాంద్యం ముదిరిన రోజది. అదే రోజు సాయంత్రం లండన్ నగరంలోని సోత్‌బీస్ వేలంశాలలో ఒక ఆవుదూడ మృతకళేబరం కోటి మూడు లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. ఆనాటి మారకం విలువ ప్రకారం మన లెక్కలో ఎనభై కోట్ల రూపాయలకు పైమాటే. కళేబరం చెడిపోకుండా ఫార్మాల్డిహైడ్ ద్రవంలో ముంచి ఉంచారు. గాజు పెట్టె అంచులకు బంగారు పూత పూశారు. కొమ్ములు, గిట్టలు 18 క్యారెట్ల బంగారంతో చేసినవి. తలపై బంగారు బిళ్ళ. దీనిని రూపొందించినవారు బ్రిటన్‌కు చెందిన డేమియన్ హర్‌స్ట్. రెండు రోజులు సాగిన ఆ వేలంలో ఆయన వస్తువులన్నీ కలిసి 11 కోట్ల పౌండ్లకు పైగా రాబట్టాయి.

ఆ వస్తువు పేరు 'బంగారు దూడ'. ఖుర్ఆన్ పారాయణం జరిగే ఏ ఇంటివారికైనా ఈ పేరు వినగానే తా-హా సూరా మదిలో మెదలక మానదు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తూరు పర్వతం మీదికి వెళ్ళిన సమయంలో సామిరీ అనేవాడు జనం దగ్గరున్న నగలు కరిగించి దూడ విగ్రహం చేయడం, అది అంబా అన్నట్లు ధ్వనించడం, బనీ ఇస్రాయీల్ జనం దాని ముందు మోకరిల్లడం, హారూన్ (అ) ఎంత వారించినా వినకపోవడం మనకు తెలిసిన గాథే. తిరిగి వచ్చిన మూసా (అ) ఆ దూడను కాల్చి సముద్రంలో చల్లించారు. లండన్ దూడకు ఆ పేరు పెట్టినవారు ఈ గాథను తౌరాతు మార్గాన ఎరిగినవారే. ధనపూజను ఎత్తిచూపడమే తమ ఉద్దేశమని వారి పక్షాన విమర్శకులు రాశారు కూడా. ఉద్దేశం అదే అయితే అయి ఉండవచ్చు. కానీ ధనపూజను వెక్కిరించే వస్తువును ధనవంతులు పోటీపడి కొనుక్కోవడం, వెక్కిరించినవారు ఆ ధనాన్ని ఇంటికి తీసుకువెళ్ళడం చూసినప్పుడు, అక్కడ ఎవరు ఎవరిని వెక్కిరించారో మాకు బోధపడలేదు. సామిరీ కనీసం లోహంతో సరిపెట్టుకున్నాడు. ఇక్కడ నిజమైన దూడే కావలసి వచ్చింది.

ఈ వ్యాసంలో మేము చెప్పబోయేవి మా అభిప్రాయాలు. కళ విషయంలో మన ఇళ్ళలో రెండు ధోరణులు కనిపిస్తాయి. చిత్రకళ అనగానే 'మనకెందుకులే' అని ముఖం తిప్పుకునేవారు కొందరు. ఆధునికులనిపించుకోవాలనే తాపత్రయంతో ప్రతిదానికీ తల ఊపేవారు మరికొందరు. ఈ రెంటికీ దూరంగా నిలబడి, ఒక ప్రాణి బాధ ఎంత ధర పలుకుతున్నదో, ఆ ధర ఎవరు నిర్ణయిస్తున్నారో చూడాలన్నది మా తలంపు.

హర్‌స్ట్ పేరు ప్రపంచానికి తెలిసింది ఒక సొరచేపతో. 1991లో ఆస్ట్రేలియా తీరంలో ఒక జాలరి చేత పులి సొరచేపను పట్టించి, చంపించి, లండన్‌కు తెప్పించారు. సుమారు 14 అడుగుల పొడవున్న జీవి అది. చేపకు జాలరికి ముట్టింది 6,000 పౌండ్లు. మొత్తం ఖర్చు 50,000 పౌండ్లు. ఆ డబ్బు పెట్టినవారు చార్లెస్ సాచీ అనే ప్రకటనల వ్యాపారి. పుష్కరం తిరిగేసరికి అది స్టీవెన్ కోహెన్ అనే అమెరికా ధనికుని చేతికి వెళ్ళింది. వెల 80 లక్షల డాలర్లని ఒక మాట, అంతకంటే చాలా ఎక్కువని మరొక మాట. ఈలోగా చేప కుళ్ళిపోయింది. ద్రవం మసకబారింది, చర్మం ముడతలు పడింది. అందుకని 2006లో మరొక సొరచేపను పట్టించి, చంపించి, పాతదాని స్థానంలో పెట్టారు. పేరు మాత్రం అదే, కళాఖండమూ అదేనట!

ఇక్కడ పాఠకులు ఒక క్షణం ఆగాలని మా మనవి. చేపను మార్చినా కళాఖండం మారలేదంటే, కొన్నవాడు కొన్నది చేపను కాదన్నమాట. ఒక ఆలోచనను, ఒక సంతకాన్ని కొన్నాడు. మరి ఆ ఆలోచనకు రెండు ప్రాణాలు ఎందుకు కావలసి వచ్చాయి? 2024లో లండన్ దినపత్రిక గార్డియన్ మరో సంగతి బయటపెట్టింది. 1990ల నాటివని తేదీ వేసిన హర్‌స్ట్ కళేబరాలు కొన్ని నిజానికి 2017లో తయారైనవట. ఆలోచన పుట్టిన సంవత్సరాన్నే తేదీగా వేస్తామని ఆయన సంస్థ సమాధానమిచ్చింది. ఆ కళేబరాలలో ఒకటి జంట దూడలది. దాని పేరు 'కయీను, హేబెలు'. మనం హాబీల్, ఖాబీల్ అని చెప్పుకునే సోదరులే. ఖుర్ఆన్‌లోని ఆ వృత్తాంతంలో, చనిపోయిన సోదరుని దేహాన్ని ఎలా మరుగుపరచాలో తెలియని హంతకునికి ఒక కాకి నేల తవ్వి చూపించి నేర్పింది. మృతదేహం పట్ల మర్యాదను మనిషికి పక్షి నేర్పిన ఆ కథ పేరును, పూడ్చకుండా గాజులో బంధించిన రెండు కళేబరాలకు పెట్టడం యాదృచ్ఛికమే కావచ్చు. చదివిన మాకు మాత్రం కలుక్కుమన్నది.

చనిపోయిన జంతువుల సంగతి ఇది. బతికున్నవాటి సంగతి ఇంకొక రకం. 2012లో లండన్‌లోని టేట్ మోడర్న్ ప్రదర్శనశాలలో ఇదే కళాకారుని ప్రదర్శన ఒకటి ఐదు నెలలకు పైగా జరిగింది. కిటికీలు లేని గదుల్లో సీతాకోకచిలుకలను వదిలారు. చూడవచ్చినవారి బట్టల మీద వాలి, కాళ్ళ కింద నలిగి, ప్రదర్శన ముగిసేనాటికి 9,000కు పైగా చనిపోయాయి. వారం వారం కొత్తవి తెచ్చి నింపుతూ వచ్చారు. అంతకుముందు 2000వ సంవత్సరంలో డెన్మార్క్‌లోని ట్రాప్‌హోల్ట్ మ్యూజియంలో మార్కో ఎవరిస్టి అనే కళాకారుడు పది మిక్సీలలో నీళ్ళు పోసి బంగారు చేపలను వదిలాడు. మీట నొక్కాలా వద్దా అన్నది చూడవచ్చినవారి ఇష్టం. నొక్కినవారు ఉన్నారు. విద్యుత్తు తీసివేయమని పోలీసులు ఆదేశించారు. మ్యూజియం అధిపతికి 2,000 క్రోనర్ల జరిమానా విధిస్తే ఆయన చెల్లించనని మొండికేశారు. చివరికి 2003లో న్యాయస్థానం ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. మిక్సీలో చేప క్షణంలోనే చనిపోతుంది గనుక అది బాధ అనుభవించలేదని న్యాయమూర్తి తీర్మానించారు. మరణం ఎంత సేపు పట్టిందన్నదే అక్కడ విచారణ. అది దేనికోసం అన్న ప్రశ్న ఆ తీర్పును మార్చలేదు.

దేనికోసం? మన ధర్మం మొదట అడిగే ప్రశ్న ఇదే.

హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఒక రోజు దారిన వెళుతూ ఖురైషు యువకులను కొందరిని చూశారు. వారు ఒక పక్షిని కట్టివేసి దానిపైకి బాణాలు వేస్తూ గురి పరీక్షించుకుంటున్నారు. ఆయనను చూడగానే చెదిరిపోయారు. ప్రాణమున్నదానిని గురిగా పెట్టుకునేవారిని దైవప్రవక్త (స) శపించారని ఇబ్నె ఉమర్ (రజి) వారికి చెప్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఈ ఉల్లేఖనం ఉంది. మనం సాధారణంగా ఇంతవరకే చెప్పుకుంటాం. కానీ సహీహ్ ముస్లింలో ఒక చిన్న వివరం ఉంది: గురి తప్పిన ప్రతి బాణమూ పక్షి యజమానికి చెందాలని ఆ యువకులు అతనితో ఒప్పందం చేసుకున్నారట. అంటే పక్షి యజమాని తన పక్షి బాధను ఆటకు అద్దెకిచ్చాడు. ఆడేవారు రుసుము చెల్లిస్తున్నారు. పక్షి ఎంత ఎక్కువసేపు చావకుండా ఉంటే యజమానికి అన్ని బాణాలు. ప్రదర్శనశాల, టికెట్టు, వేలంపాట అన్నీ ఆ చిన్న ఒప్పందంలో ఇమిడి ఉన్నాయి. పద్నాలుగు శతాబ్దాల క్రితం అరేబియా వీధిలో అది సాదా ఆట. నేడు దానికి కళ అని పేరు.

పనికి వాడుకోవడం వేరు, బాధపెట్టి వినోదించడం వేరు అన్న గీత ఇస్లాంలో మొదటినుండీ స్పష్టం. పశువుల వలన మనకు వెచ్చదనం, ఆహారం, ప్రయాణ సౌకర్యం ఉన్నాయని అన్-నహ్ల్ సూరా ఆరంభంలో అల్లాహ్ గుర్తు చేశాడు. అంతటితో ఆగలేదు, మందలు సాయంత్రం ఇంటికి మళ్ళేటప్పుడు, ఉదయం మేతకు కదిలేటప్పుడు ఆ దృశ్యంలో సౌందర్యం కూడా ఉందని అదే చోట ప్రస్తావించాడు. పశువులో అందం చూడటం తప్పు కాదన్నమాట. అయితే ఆ అందం నడుస్తున్న మందలోనిది, మేస్తున్న పశువులోనిది. భూమిపై నడిచే జంతువులూ, ఎగిరే పక్షులూ మనలాంటి సముదాయాలేనని అల్-అన్ఆమ్ సూరా 38వ వాక్యంలో ఉన్నది. ఒక సముదాయపు సభ్యుణ్ణి మరొక సముదాయం గోడకు తగిలించుకునే హక్కు ఎక్కడిది?

అకారణంగా చంపిన పిచ్చుక తీర్పుదినాన అల్లాహ్ ముందు మొరపెట్టుకుంటుందని, తనను ఏ ప్రయోజనమూ లేకుండా వృథాగా చంపాడని ఫిర్యాదు చేస్తుందని నసాయీలో ఒక ఉల్లేఖనం ఉంది. దాని పరంపర బలాన్ని గురించి హదీసువేత్తలలో చర్చ ఉన్నా, దాని భావం ఇతర ప్రామాణిక హదీసులకు అనుగుణమైనదే. పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ముఖాన వాత పెట్టిన గాడిదను చూసి దైవప్రవక్త (స) ఆ పని చేసినవానిని శపించారు. ఒక అన్సారీ తోటలో కన్నీరు కారుస్తున్న ఒంటెను నిమిరి ఓదార్చి, దాని యజమానిని పిలిపించి మందలించారు. ఆ ఒంటెకు ఆకలి, అధికశ్రమ తప్ప మరే హింసా లేదు. అదే నేరంగా నిలిచింది.

ఇంతవరకు చదివినవారిలో కొందరికి ఒక ప్రశ్న తప్పక వస్తుంది. మాంసం తినేవారికి, ప్రతి సంవత్సరం ఖుర్బానీ ఇచ్చేవారికి ఈ మాట చెప్పే అర్హత ఉందా? ఇతరులు మనల్ని అడిగే ప్రశ్న ఇదే. కాలేజీలో మన పిల్లలను తోటి విద్యార్థులు అడుగుతారు, ఆఫీసులో సహోద్యోగులు అడుగుతారు. దాటవేయడం మర్యాద కాదు.

డెన్మార్క్ కళాకారుడు ఎవరిస్టి సరిగ్గా ఈ ప్రశ్ననే ఆయుధం చేసుకున్నాడు. 2025లో కోపెన్‌హేగన్‌లో మూడు పంది పిల్లలను బోనులో పెట్టి, తిండి లేకుండా చచ్చేవరకు ఉంచుతానని ప్రకటించాడు. తన దేశపు పంది పరిశ్రమలో రోజూ వేల పిల్లలు చనిపోతుంటే పట్టించుకోనివారు ఈ మూడింటిని చూసి ఎందుకు గగ్గోలు పెడుతున్నారని అతని వాదన. ప్రదర్శన మొదలైన వెంటనే ఎవరో వాటిని ఎత్తుకుపోయారు. మనకు ఆ మాంసం నిషిద్ధం. అయితే తినడం నిషిద్ధమైన జీవి పట్ల దయ నిషిద్ధం కాలేదు. దప్పికతో నాలుక వెళ్ళబెట్టిన కుక్కకు బూటుతో నీళ్ళు తోడిపోసినందుకు మన్నింపు పొందిన వ్యక్తి వృత్తాంతం బుఖారీలో ఉంది. కుక్క లాలాజలం విషయంలో ఫిఖ్హ్ నియమాలు ఏవైనా, ఆ దయకు అవి అడ్డు రాలేదు. ఎవరిస్టి ప్రశ్నలో నిజముంది, జవాబులో క్రూరత్వముంది. పెద్ద అన్యాయం జరుగుతోందని చూపడానికి చేతిలో ఉన్న నోరులేని జీవి మీద చిన్న అన్యాయం చేయడం ఏ తూకంలోనూ నిలవదు. ఆకలితో మాడేది ఆ పిల్లలు. పేరు వచ్చేది అతనికి.

ఇక మన వంతు. జంతువును వధించే అనుమతి మనకు షరతులతో వచ్చింది. ఆహార ప్రయోజనం ఉండాలి. ప్రాణం పోసినవాని పేరు ఉచ్చరించాలి; అనుమతి మనది కాదు, ఆయనదని ఒప్పుకోవడం అది. ప్రతి పనిలోనూ ఉత్తమ రీతిని విధించిన అల్లాహ్ వధలోనూ దానినే కోరుతున్నాడని, కత్తి పదును పెట్టుకొని జంతువు బాధను తగ్గించాలని షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. మేకను పడుకోబెట్టి దాని కళ్ళెదుటే కత్తి నూరుతున్న వ్యక్తిని చూసి, దానిని రెండుసార్లు చంపదలచావా అన్న భావంతో ప్రవక్త (స) మందలించినట్లు మరో ఉల్లేఖనం. ఈ షరతులు పాటించినంత మేరకే మనకు మాట్లాడే అర్హత. పాటించని చోట ఆ పిచ్చుక ఫిర్యాదులో మన పేరూ ఉంటుంది.

మరి పాటిస్తున్నామా? ఏ పట్టణంలోనైనా ఉదయాన్నే మోపెడ్ మీద కోళ్ళను కాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడదీసుకొని వెళ్ళే దృశ్యం కనిపిస్తుంది. వాటి రెక్కలు చక్రానికి రాసుకుంటూ ఉంటాయి. బక్రీదుకు ముందు లారీలలో కుక్కిన మేకలు, నీళ్ళు లేక నోళ్ళు తెరిచిన పొట్టేళ్ళు సంతలకు దిగుతాయి. ఇంటికి తెచ్చిన మేకను చెవులు పట్టి లాగే పిల్లలు, సెల్‌ఫోన్లలో తీస్తూ నవ్వే పెద్దలు. ఒకదానిని కోస్తుండగా పక్కనే వరుసలో నిలబెట్టిన మిగతావి. వీటిలో ఏదీ ఖుర్బానీలో భాగం కాదు. మన దేశపు జంతు హింస నివారణ చట్టం 1960లో వచ్చింది. మతాచారం ప్రకారం జరిగే వధను దానిలోని 28వ సెక్షను నేరంగా పరిగణించదు. మనవారు ఈ సెక్షనును గుర్తుపెట్టుకున్నంతగా ఇంకో సంగతి గుర్తుపెట్టుకోరు: ఆ మినహాయింపు వధ పద్ధతికే గానీ, లారీలో కుక్కడానికి, కాళ్ళు విరిచి కట్టడానికి కాదు. అవి 11వ సెక్షను కిందికి వస్తాయి. వాటికి మొదటిసారి పట్టుబడితే ఆ చట్టం విధించిన జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయల వరకు. మూగజీవి బాధకు మన చట్టం కట్టిన ధర అది. లండన్ వేలంశాలలో దాని ధర కోటి పౌండ్లు దాటింది. ఆ అంకె చూసి ముక్కున వేలేసుకునేవారు ఈ అంకెను చూసి కూడా వేసుకోవాలి.

సంక్రాంతికి కోళ్ళ కాళ్ళకు కత్తులు కట్టి లక్షలు పందెం కాసే ఆట మన తెలుగు నేలమీద ఉన్నదే. పందెపు కోడి జాతికి అసీల్ అని పేరు. అరబ్బీ నుండి వచ్చిన మాట, మేలుజాతి అని అర్థం. పోటీల కోసం వాటిని ముద్దుగా పెంచేవారిలో మనవారూ ఉన్నారు. జంతువులను ఒకదానిపై మరొకదానిని ఉసిగొల్పడాన్ని వారించే ఉల్లేఖనం అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. ఇంతకంటే దీనిని సాగదీయనవసరం లేదు.

ధర మాటకు మళ్ళీ వద్దాం. ఒక వస్తువుకు ఇంత వెల ఎలా వస్తుంది? పెదన కలంకారీ వస్త్రాన్ని తీసుకుంటే లెక్క తెలుస్తుంది. ఉడికించి ఉతికిన నూలు బట్ట, కరక్కాయ, పాలు, చెక్క అచ్చులు, మళ్ళీ మళ్ళీ ఉతికి ఆరబెట్టే శ్రమ, ఇన్ని చేతుల కూలి. 'కలం' అనే పారసీక పదాన్ని పేరులోనే మోస్తున్న ఆ కళ గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవునుండి ఇరాన్ దాకా వెళ్ళింది. బిద్రీ పాత్రలదీ అదే తీరు. లోహపు వెల, చెక్కిన గంటలు, చేతిలోని పనితనం. ఇవన్నీ కలిపినా ఆ కళాకారుల బతుకు అంతంతమాత్రమే. ఇటలీకి చెందిన మౌరీజియో కత్తెలాన్ 2019లో ఒక అరటిపండును గోడకు టేపుతో అంటించి లక్షా 20 వేల డాలర్లకు అమ్మాడు. అటువంటిదే ఒకటి 2024 నవంబరులో న్యూయార్క్ వేలంలో 62 లక్షల డాలర్లు పలికింది. ఆ రోజు గోడకెక్కిన పండును బయట బండి మీద 35 సెంట్లకు కొన్నారట. అమ్మింది బంగ్లాదేశ్ నుండి వలస వచ్చిన ఒక వృద్ధుడు. వేలం సంగతి విలేకరులు చెప్పినప్పుడు ఆయన కన్నీరు పెట్టుకున్నాడని పత్రికలు రాశాయి. కొన్న కోటీశ్వరుడు ఆ పండును కెమెరాల ముందు తినేశాడు. ఇందులో కనీసం ఏ ప్రాణికీ బాధ కలగలేదు గదా అని మేము మొదట అనుకున్నాం, ఆ వృద్ధుని కన్నీటి సంగతి చదివేదాకా.

శ్రమతో గానీ వస్తువుతో గానీ సంబంధం తెగిపోయిన ధర ఇది. కొనేవానికి ఉన్న సంపద, అతని పక్కన కూర్చున్న మరొకనికి ఉన్న సంపద, ఈ రెంటి మధ్య పోటీ ఆ అంకెను నిర్ణయిస్తాయి. మంచి బట్టలు, మంచి చెప్పులు కోరుకోవడం అహంకారమా అని ఒక సహాబీ అడిగినప్పుడు దైవప్రవక్త (స) కాదన్నారు. అల్లాహ్‌కు సౌందర్యం ప్రియమైనదేనని చెప్పి, సత్యాన్ని తిరస్కరించడం, తోటివారిని చులకనగా చూడటం అహంకారమని వివరించారు. కనుక ఇస్లాం అందానికి విరోధి అనేవారి మాటలో పస లేదు. ప్రాణుల బొమ్మల విషయంలో ఉలమాల మధ్య ఉన్న చర్చ వేరు. చిత్రకారుడొకడు తన జీవనోపాధి ఇదేనని మొరపెట్టుకుంటే ఇబ్నె అబ్బాస్ (రజి) అతనికి చెట్లు, ప్రాణంలేని వస్తువులు గీసుకొమ్మని దారి చూపారు. ప్రాణి బొమ్మ గీయడానికే వెనుకాడిన సంప్రదాయం మనది. ప్రాణినే తెచ్చి బొమ్మగా నిలబెట్టేవారిని చూసి అది ఏమంటుందో ఊహించడం కష్టం కాదు.

ఈ విపణిలో ముస్లిం సంపన్నులు లేరని కూడా అనుకోరాదు. 2017లో లియొనార్డో డా వించీ గీసినదని చెప్పే 'సాల్వటోర్ ముండి' 45 కోట్ల డాలర్లకు అమ్ముడై చరిత్రలోనే అత్యధిక వేలం ధరగా నిలిచింది. కొన్నది ఒక సౌదీ రాకుమారుడని పత్రికలు వెల్లడించాయి. అది ఈసా (అ) రూపంగా క్రైస్తవులు భావించే చిత్రం. మేము ఎవరి సంకల్పాన్నీ విచారించబోము. అయితే తిరిగి అమ్మి లాభం పొందాలని కొన్న కళాఖండం వ్యాపార సరకు లెక్కలోకి వస్తుంది; దాని మార్కెట్ విలువ మీద ప్రతి సంవత్సరం నూటికి రెండున్నర వంతున జకాత్ బాధ్యత ఉంటుంది. 45 కోట్ల డాలర్ల మీద అది కోటీ 12 లక్షల డాలర్లకు పైనే. ఎన్ని యతీంఖానాలు నడుస్తాయో పాఠకులే లెక్క వేసుకోవచ్చు.

కళకూ జంతువుకూ మధ్య మన దేశంలో మరొక బంధం ఉంది. చాలామందికి ఇది తెలియదు. చిత్రకారులు వాడే మేలురకం కుంచెలు కొన్ని ముంగిస వెంట్రుకలతో చేసినవి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ముంగిసను చంపడాన్ని నిషేధించింది. అయినా వల వేసి పట్టి, కొట్టి చంపి, వెంట్రుకలు పీకి కుంచెల తయారీదారులకు చేరవేసే దందా సాగుతూనే ఉంది. ఒక ముంగిస నుండి పనికివచ్చే వెంట్రుకలు సుమారు 20 గ్రాములు మాత్రమే. కిలో కావాలంటే యాభై ప్రాణాలు. 2019లో వన్యప్రాణి నేరాల నియంత్రణ సంస్థ 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' పేరుతో పలు రాష్ట్రాల్లో దాడులు చేసి పెద్దయెత్తున కుంచెలను పట్టుకుంది. బొమ్మలు వేసే పిల్లలున్న ఇళ్ళలో తల్లిదండ్రులు కుంచె కొనేటప్పుడు ఇది ఏ వెంట్రుకలతో చేసిందని దుకాణదారుని ఒక్క మాట అడగాలి. నైలాను కుంచెలు చవక, చక్కగా పనిచేస్తాయి.

మన బక్రీదు సంతలలోనూ ఒక వేలంపాట నడుస్తున్నది. ఒంటి మీది మచ్చలు అల్లాహ్ నామంలా కనిపిస్తున్నాయని ఒక మేకకు లక్షలు అడుగుతారు. బరువు చూపి, జాతి చూపి మరొకదానికి లక్షలు. కొన్నవారి ఫోటోలు, వీడియోలు బంధువులందరికీ చేరుతాయి. ధర తప్పకుండా చెబుతారు. దైవప్రవక్త (స) కొమ్ములున్న రెండు మేలైన పొట్టేళ్ళను స్వహస్తాలతో ఖుర్బానీ ఇచ్చారు. కనుక మంచి జంతువును ఎంచడం సున్నతే. తన వస్తువులలో మేలైనది సమర్పించాలనే తపన వేరు, అందరికంటే ఎక్కువ వెల పెట్టానని చాటుకోవడం వేరు. హజ్ సూరా 37వ వాక్యం ప్రకారం ఆయన దగ్గర మాంసానికీ నెత్తురుకూ లెక్క లేదు, హృదయంలోని దైవభీతికే లెక్క. అటువంటప్పుడు ధరపట్టీ ఎవరికోసం? ఐదు లక్షల మేక కొన్నవారికీ, గాజు పెట్టె దూడ కొన్నవారికీ మధ్య తేడా అంకెలలోనేనా అని అనుమానం కలుగుతుంది. అదే డబ్బుతో మామూలు మంచి మేకలు పాతిక కొని, సంవత్సరమంతా మాంసం రుచి ఎరుగని పాతిక ఇళ్ళకు పంచవచ్చు గదా.

సంతకు వెళ్ళేవారికి మా సూచనలు ఇవి. జంతువును రెండు మూడు రోజులు ముందుగానే ఇంటికి తేవాలి; పండుగ రాత్రి లారీ దిగి, తెల్లవారి కత్తికి ఎదురుపడే దుస్థితి దానికి రానీయకూడదు. నీడ, నీళ్ళు, మేత ఏర్పాటు చేయాలి. మెడకు బిగుతు తాడు వద్దు. పిల్లలకు దాని దగ్గర కూర్చొని మేత పెట్టడం నేర్పాలి; వీడియో తీయడం కాదు. ఖసాయి వచ్చేముందే కత్తి పదును చూసుకొని, దానిని జంతువు కంటపడకుండా దాచి ఉంచమని చెప్పాలి. రెండు జంతువులుంటే రెండోదానిని గోడ వెనుక కట్టాలి. ధర అడిగినవారికి చెప్పకపోయినా తప్పులేదు.